మోగకపోతేనే మంచిది

మోగకు తల్లీ, మోగకు, నీకు పుణ్యముంటుంది, అని బల్ల మీదున్న ఫోనుకి లోపల్లోపల మొక్కుకుంటూనే, పైకి మాత్రం ఎప్పటి గొంతుతో ఎప్పటి తీరుగా, ప్రయాణికులు దయచేసి గమనించండి, సాయంత్రం పాసింజరు మరికొద్దిసేపట్లో రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదకి వస్తుంది, అని రెండుసార్లు చెప్పి బటను మీంచి వేలు తీసింది మైకమ్మ. ఆ పేరు స్టేషను కూలీలు పెట్టింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. లోకంలో పోటీకి కవిత్వం పంపినవాళ్ళంతా ఫోను మోగితే బాగుండునని చూస్తారు, ఈ పోటీకి పంపినవాళ్ళు మాత్రం మోగకుండా ఉంటే చాలని చూస్తారు. ప్రెస్సు పెద్దాయన పద్ధతే అంత. ఫలితాల రోజు మధ్యాహ్నం భోజనమవగానే ఫోను ముందు కూర్చుంటాడు, అయిదింటికి లేస్తాడు, ఈలోపు రాసినవాళ్ళందరికీ తనే స్వయంగా ఫోను చేస్తాడు, ఒక్కరిని వదలడు. ముందు ఓడినవాళ్ళకి. ఆ తర్వాతే గెలిచినవాళ్ళకి, అందులోనూ మూడో బహుమతి, రెండోది, అన్నిటికన్నా ఆఖరున మొదటిది. ఇదేం వరస అని ఎవరో అడిగితే, ఓడినవాళ్ళని కాచుకోబెట్టకూడదు నాయనా, గెలిచినవాళ్ళు ఎంతసేపైనా కాచుకుంటారు, అన్నాట్ట. కాబట్టి మోగని ప్రతి నిమిషం ఒక మెట్టు ఎక్కినట్టే. నాలుగు దాటింది, ఇంకా మోగలేదు. నిరుడు ఈపాటికి మోగి చల్లారిపోయింది. అంతకుముందేడు అయితే అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటుంటేనే మోగింది.

పక్క కుర్చీలో కంట్రోలు బాబాయి. చుట్టరికమేమీ లేదు, ఉద్యోగంలో చేరిన కొత్తలో సారు సారు అంటుంటే ఆయనే విసుక్కుని, బాబాయనుకోవమ్మా, చెవికి హాయిగా ఉంటుంది, అన్నాడు. ఏ బండి ఎక్కడుందో పై స్టేషన్లవాళ్ళని అడిగి చీటీ మీద రాసి ఇటు జరపడం ఆయన పని, ఆ చీటీని అందరికీ వినపడేట్టు చదవడం ఈమె పని. ఇద్దరికీ ఎదురుగా పెద్ద అద్దం, అద్దానికవతల బల్లలు, నీళ్ళ కొళాయిలు, పెట్టెల మీద కూర్చున్న పిల్లలు, గడియారం కింద నిలబడితే బండి తొందరగా వస్తుందనుకునే మనుషులు. డ్యూటీలో ఫోను బల్ల మీద పెట్టకూడదు. ఇవాళ ఒక్కరోజుకీ ఒప్పుకో బాబాయ్ అని పొద్దున్నే బతిమాలితే, ఏం కొంప మునిగిందమ్మా అని ఆరా తీశాడు, చెప్పక తప్పలేదు. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని, ఈ పిల్ల కవిత్వం రాస్తుందని ఆయనకి తెలీదు. చీటీలు తిరగేసి వెనకవైపు ఏదో గీస్తుంటే ఇంటికి కావలసిన సరుకులనుకున్నాట్ట. పాపం, తెలిసిన దగ్గర్నుంచీ గంటకోసారి ఫోను వంక చూసి నిట్టూరుస్తున్నాడు.

"రాలేదా అమ్మా?"

"రాలేదు బాబాయ్."

"పోన్లే, మనసు కష్టపెట్టుకోకు. మళ్ళీ ఏడు లేదూ?"

"రాకపోతేనే మంచిది బాబాయ్, పొద్దున చెప్పాగా. మోగితే ఓడినట్టు."

"మోగితే ఓడినట్టా? ఇదెక్కడి తిరకాసమ్మా. మా రోజుల్లో గెలిచినవాళ్ళకి కబురొచ్చేది, ఓడినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అర్థం చేసుకుని ఊరుకునేవాళ్ళు."

ఊరుకోవడం, అదే కదా మరి, ఆ ఊరుకోవడం ఎంత పాడుదో పెద్దాయనకి తెలుసు. కుర్రతనంలో ఎక్కడెక్కడికో పంపేవాట్ట, ఇటు నుంచి పోవడమే గానీ అటు నుంచి చీమ చిటుక్కుమనేది కాదట. అందుకే తన ప్రెస్సు పెట్టాక ఈ నియమం పెట్టుకున్నాడు. ప్రెస్సంటే ఎంత, సైకిలు షాపు వెనక రెండు గదులు, పగలంతా బిల్లు పుస్తకాలూ మందుల డబ్బాల చీటీలూ అచ్చేస్తారు, మిగిలిన కాగితంతో ఏడాదికో కవిత్వం పుస్తకం. గెలిచినవాళ్ళకి ఇచ్చే బహుమతీ అదే, వాళ్ళదే ఒక చిన్న పుస్తకం అచ్చేసి చేతిలో పెడతాడు. ఓడినవాళ్ళకి ఫోనులో వాళ్ళ కవితలోంచి ఒక్క లైను, కాగితం చూడకుండా, అప్పజెప్పి వినిపిస్తాడు, ఇది నా దగ్గరుండిపోయిందమ్మా, అంటాడు. ఒక్క లైనూ ఉండిపోకపోతే ఏం చేస్తాడని ఓసారి అనుమానమొచ్చింది. మొదటి ఏడాది తనకి చేసినప్పుడే తెలిసింది. కాస్త ఆగి, దగ్గి, మీ చేతిరాత చాలా బాగుంటుందమ్మా, అన్నాడు. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, ఆ రోజు దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. సముద్రం మీద రాసి పంపింది ఆ ఏడు, కెరటాలూ నురగా నావా వెన్నెలా ఒక్కటి వదల్లేదు. రెండో ఏడు వానమీద. అప్పుడు ఒక్క లైను అప్పజెప్పాడు, అప్పజెప్పి, అమ్మా ఒక మాట, తప్పుగా అనుకోకండి, నిరుడు రాశారుగా, మీరు సముద్రం చూశారా, అనడిగాడు. లేదండీ, అంది. నేనూ చూళ్ళేదు, అన్నాడు. ఇద్దరం చూడనిదాని గురించి మనకెందుకు గానీ, మీ ఇంట్లో ఏముందో ఈసారి రాయండి, నేను మీ ఇల్లు కూడా చూళ్ళేదు. ఆ ముక్కకి ముందు ఒళ్ళు మండింది. ఇంట్లో ఏముంటుంది, అంట్ల గిన్నెలుంటాయి, మొగుడుంటాడు.

ఆ మొగుడు పళ్ళసెట్లు కట్టే మనిషి. ముందుగదే దుకాణం. నోటి కొలత తీసి, ముద్ద పోసి, ఆ తెల్లటి అచ్చుల్ని ఆరడానికి కిటికీలో వరసగా పెడతాడు. పై దవడలూ కింది దవడలూ వీధిలోకి చూస్తూ ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో తెల్లారి కిటికీ తలుపు తీసి కెవ్వుమంది. తర్వాత అలవాటైపోయి వాటి మధ్యనే కూరగాయలు పెట్టుకునేది. పెద్దాయన మాట మీద కోపంతో నాలుగు రోజులు ఇంట్లో తిరిగి తిరిగి, ఒక ఆదివారం పొద్దున కిటికీ దగ్గర నిలబడితే దానంతటదే వచ్చి కూర్చుంది: మా ఇంటి కిటికీలో పరాయివాళ్ళ నవ్వులు ఆరుతున్నాయి. ఇదేంటి, ఇది నాకెలా వచ్చింది, అని వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా అన్నారేమోనని. ఎవరూ లేరు, ఆయన అద్దాలు ముక్కు మీదికి జారిపోయి ఎవరిదో పన్ను అరగదీస్తున్నాడు. ఆ తర్వాత లైన్లు ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా తగులుకుని వచ్చేశాయి. ఈ నవ్వు బియ్యం కొట్టాయనది, ఈ నవ్వు మొగుడు పోయాక పదేళ్ళకి మళ్ళీ పళ్ళు కట్టించుకోవాలని బుద్ధి పుట్టిన ముసలమ్మది, ఈ నవ్వు తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఆఖరిది రాస్తుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే ఇది బాగుంది అనుకుంది, సిగ్గులేకుండా. రాసింది ఆయనకి చదివి వినిపిస్తే, జారిన అద్దాలు పైకి తోసుకుని, బియ్యం కొట్టాయనకి కింది వరస కూడా నేనే కట్టాను, అది వేశావు కాదు, అన్నాడు. అంటే నచ్చిందని అర్థం, ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలుసు.

ఫోను మోగింది. పేరు చూడడానికి కూడా ధైర్యం చాలలేదు. బాబాయే వంగి చూసి, మీ ఇంటాయనమ్మా, అన్నాడు.

"వచ్చిందా?" అన్నాడు అటునుంచి.

"మీరొచ్చారు. ఏం కావాలి?"

"ఏం లేదు, పెద్ద గిన్నె మూత కనపళ్ళేదు."

"ఏవండీ, ఈ ఇంట్లో మీరెప్పుడైనా మూత పెట్టారా? పొద్దున ఏం చెప్పాను నేను? చెయ్యొద్దన్నానా లేదా?"

"అది కాదే, వచ్చిందేమోనని..."

"పెట్టేయండి ముందు."

పెట్టేశాడు. మూతా లేదు, గిన్నే లేదు, మనిషి ఆగలేక చేశాడు. కోపం వచ్చినంత వేగంగానూ పోయింది, ఆ చోటులో ఏదో తియ్యగా నిండింది. తనకంటే ఆయనకే కంగారుగా ఉన్నట్టుంది. ఇంట్లో ఆమె మాట్లాడేది తక్కువ. నీ గొంతంతా ఆ ప్లాట్‌ఫారమే తాగేస్తుంది, మాకు చుక్క మిగలదు, అంటుంటాడు. నిజమే, పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చేసరికి ఉప్పు అందియ్యండి అనడానికి కూడా ఓపికుండదు. ఇంతా చేసి మాట్లాడినదాంట్లో తనదంటూ ఒక్క ముక్క లేదు. దయచేసి గమనించండి తనది కాదు, చింతిస్తున్నాము తనది కాదు, ఎవరో ఎప్పుడో కార్డు మీద రాసి పెట్టారు, బళ్ళ పేర్లు మారాయి, కార్డులు మారాయి, ఆ మాటలు మారలేదు. వచ్చే నెల నుంచి ఆ మాత్రం కూడా ఉండదు. మొన్న ఎక్కడికో పిలిచి, దూది కుక్కిన గోడల గదిలో కూర్చోబెట్టి, ఒకటి నుంచి అంకెలన్నీ, ఊళ్ళన్నీ, రాకలూ పోకలూ ఆలస్యాలూ అన్నీ విడివిడిగా చెప్పించుకున్నారు. ఇకమీదట మిషనే వాటిని అతికించి పలుకుతుందట, ఈమెకేమో ఎంక్వైరీ కిటికీలో కుర్చీ. ఇంటికొచ్చి చెబితే ఆయన ఆలోచించి, అయితే నీ గొంతు పళ్ళసెట్టయిందన్నమాట, నోట్లోంచి తీసి గ్లాసులో పెట్టారు, అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు గానీ, ఆమెకి ఆ రాత్రి నవ్వు అడుగున ఒక గట్టి కోరిక తగిలింది. ఒక్క పుస్తకం, ఒకే ఒక్కటి, పల్చటిదైనా సరే, దాంట్లో మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా తనవే కావాలి. గొంతు వాళ్ళు తీసుకుంటే తీసుకోనీ, మాట మాత్రం తనది తనకుండాలి.

బాబాయి చీటీ జరిపాడు. సరుకు బండి వెళ్తోంది, ప్లాట్‌ఫారం అంచుకి దూరంగా నిలబడండి. చెప్పింది. సరుకు బండి అద్దాన్ని అదరగొడుతూ పోతుండగా ఫోనులో వెలుగొచ్చింది, మోత కాదు, మెసేజి. పంతులమ్మ. ఒక్కటే మాట: దిగిపోయాను. అయ్యో, అనుకుంది, పైకే అనుకుంది. పంతులమ్మ బడిలో లెక్కలు చెబుతుంది, కవిత్వంలో లెక్కలు తప్పుతుంది, అదీ ఆవిడే అంటుంది. ఇద్దరికీ స్నేహం కుదిరింది ఓటమి దగ్గరే. ఎవరికి ముందు ఫోనొస్తే వాళ్ళు దిగిపోయాను అని రెండోవాళ్ళకి పంపాలని ఒప్పందం, రైలు ఎక్కాం కాబట్టి ఎవరో ఒకరు ముందు దిగాలి. ఆవిడ కవిత తన కవిత కంటే బాగుందని మైకమ్మ నమ్మకం, నిన్నటిదాకా. ఇవాళ మాత్రం, పాపం దిగిపోయింది అనుకుంటూనే, నేనింకా బండిలోనే ఉన్నాను అని లోపల ఒక పోకిరి పిల్ల గెంతుతోంది. ఛీ, బుద్ధి లేకపోతే సరి. మళ్ళీ వెలుగొచ్చింది: నా దాంట్లోంచి రెండు లైన్లు అప్పజెప్పాడు, రెండు, ఎప్పుడూ ఒకటే కదా, కాబట్టి నాకేం బాధ లేదు, నువ్వు ఆఖరి స్టేషను దాకా వెళ్ళు, మధ్యలో దిగావంటే చంపుతాను. కళ్ళు తుడుచుకుంటే బాబాయి చూశాడు, మోగిందా అమ్మా, అన్నాడు గాభరాగా. లేదు బాబాయ్, మోగలేదు, అంది. అప్పటికి ఆయనకి లెక్క బుర్రకెక్కింది కాబోలు, ఫోను వంక ఉరిమి చూసి, జాగ్రత్త, అన్నాడు దానితో.

నాలుగున్నర దాటింది. గోడమీది గడియారం ఒకటి, ప్లాట్‌ఫారం గడియారం ఒకటి, చేతి గడియారం ఒకటి, మూడూ మూడు రకాలుగా చెబుతున్నాయి, మూడింట్లో ఏది ముందుంటే దాన్ని నమ్ముతోంది. ఇంక మిగిలినవాళ్ళెంతమంది ఉంటారు. పది మందా, అయిదుగురా. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అట్ట ఏ రంగులో వెయ్యమనాలో కూడా ఆలోచించేసింది, పసుపు వద్దు, మాసిపోతుంది, ఆకుపచ్చ బాగుంటుంది, మీద కిటికీ బొమ్మ. మొదటి కాపీ ఎవరికి. అక్కకి ఇవ్వాలి, అక్క చదవదు, చదవకుండానే ఊరంతా చూపిస్తుంది, అదే మేలు. రెండోది పంతులమ్మకి. ఆయనకి వేరే ఎందుకు, ఇంట్లోనే ఉంటుందిగా, కాదు, ఆయనకీ ఒకటి, పేరు రాసి, సంతకం పెట్టి, పరాయివాళ్ళకి ఇచ్చినట్టు ఇవ్వాలి, అప్పుడు మొహం ఎలా పెడతాడో చూడాలి. పావు తక్కువ అయిదు. ఒంట్లో ఎక్కడా పట్టనంత సంతోషం, కుర్చీలో కూర్చుంటే కాళ్ళు ఆగట్లేదు. చిన్నప్పుడు ఉయ్యాల ఎత్తుకి పోయి కిందికి రాబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుందే, అక్కడుంది ఇప్పుడు. మళ్ళీ ఫోను మోగింది, మళ్ళీ ఆయనే. వచ్చిందా అన్నాడు, రాలేదు అంది, రాలేదంటే మంచిదేగా అన్నాడు, మంచిదే అంది, అయితే నువ్వు గెలిచినట్టేగా అన్నాడు, ఇంకా తెలీదు అంది, మరి ఎప్పుడు తెలుస్తుందన్నాడు, మీరు పెడితే తెలుస్తుంది అంది. పెట్టలేదు. బియ్యం కొట్టాయన వచ్చి కూర్చున్నాడట, ఆయనకి చెప్పాట్ట, నీ నవ్వు పుస్తకంలో వస్తోందని. ఎంత పని చేశారండీ, అంది, కానీ ఆ మాట వినడానికి ఎంత బాగుందో.

అయిదయింది. మోగలేదు. మొదటి రెండు నిమిషాలు ఏమీ అనిపించలేదు, మూడు గడియారాలున్నాయి కదా, ఏదో ఒకటి తప్పయ్యుంటుంది. ఆ తర్వాత మూడూ దాటేశాయి. ఉయ్యాల కిందికొచ్చింది. అయిదింటికి లేచే మనిషి లేచిపోయుంటాడు. అంటే ఓడినవాళ్ళలో లేదు, గెలిచినవాళ్ళలోనూ లేదు, అసలు ఎక్కడా లేదు. కవర్లో కవిత పెట్టిందా. పెట్టింది. అంటించిందా. అంటించింది. ఫోను నంబరు రాసిందా. రాసినట్టే గుర్తు, కానీ గుర్తుందనుకున్నవన్నీ జరిగినవేనా. ఫోను చచ్చిందేమోనని గదిలో ఫోనుతో తన నంబరుకి తనే చేసుకుంది, శుభ్రంగా మోగింది, బతికే ఉంది, దానికేం రోగం. ఆయన మూత గురించీ నవ్వుల గురించీ మాట్లాడుతున్నప్పుడు పెద్దాయన చేశాడేమో, దొరకలేదని వదిలేశాడేమో. వదిలెయ్యడు, ఒక్కరిని వదలడు, అదే కదా పద్ధతి. మరి తనొక్కదాన్నే వదిలాడంటే, కాగితం ఆయన దాకా చేరనే లేదన్నమాట. ఓడిపోయినా బాగుండేది, ఒక లైను అప్పజెప్పేవాడు, నా దగ్గరుండిపోయిందమ్మా అనేవాడు. ఆ నవ్వులు ఎవరి దగ్గరా ఉండిపోలేదు. సరిగ్గా అప్పుడే బాబాయి చీటీ జరిపాడు. పై నుంచి రావలసిన ఎక్స్‌ప్రెస్సు ఆలస్యం, బాగా ఆలస్యం. అద్దానికవతల జనం అప్పటికే మొహాలు పైకెత్తి స్పీకరు వంక చూస్తున్నారు, పాపం, వాళ్ళూ చాలాసేపట్నుంచీ చూస్తున్నారు.

నొక్కింది. ప్రయాణికులకు విజ్ఞప్తి. పై నుంచి రావలసిన ఎక్స్‌ప్రెస్సు గంటన్నర ఆలస్యంగా నడుస్తోంది. ఫోను మోగింది. స్టేషనంతటా మోగింది, మైకు తెరిచే ఉంది. ఆమె చెయ్యి కదిలేలోపే బాబాయి ఫోను లాక్కుని చెవికి పెట్టుకున్నాడు, ఆమె చదవడం ఆపలేదు, ఇన్నేళ్ళలో సగంలో ఆపింది లేదు, ప్రయాణికులకి కలిగిన, ఆయన గుసగుసగా, నేను వాళ్ళ బాబాయినండీ, ఆఁ, ఆవిడ పనిలో ఉంది, నాతో చెప్పండి, ఇంతసేపూ ఎంగేజా, ఆఁ, అసౌకర్యానికి, ఆఁ, ఏంటీ, అని ఒక్కసారిగా మైకు సంగతీ స్టేషను సంగతీ మర్చిపోయి పెద్ద గొంతుతో, "మొదటిదా? మా అమ్మాయికా?" అన్నాడు. నాలుగు ప్లాట్‌ఫారాల మీదా అది వినపడింది. నీళ్ళ కొళాయి దగ్గర సీసా పట్టుకున్నావిడ సీసా నిండి పొర్లిపోతున్నా అలాగే నిలబడి చూసింది. ఇంకా చింతిస్తున్నాము మిగిలుంది. అనబోయింది. చింతి దగ్గర నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుంది, మళ్ళీ చింతి అంది, ఈసారి ముక్కులోంచి వచ్చింది, బటను మీంచి వేలు తీస్తే సరిపోయేది, వేలు వినలేదు. నవ్వు నాలుగు విధాల చేటని నాయనమ్మ అనేది, అననీ. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, కడుపు పట్టుకుని, బండి గంటన్నర ఆలస్యమన్న వార్త మీద ఆమె స్టేషనంతటికీ వినపడేలా నవ్వింది. బయట ఒకాయన చేతులు తిప్పుతూ అద్దం వైపు ఏదో అరుస్తున్నాడు. ఆయన పక్కనున్న పిల్లకి కూడా నవ్వు పట్టుకుంది, ఎందుకో తెలీకుండానే. బాబాయి ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. అటునుంచి పెద్దాయన, తొందరేం లేదమ్మా, నవ్వుకోండి, అయ్యాక మాట్లాడుకుందాం, అంటున్నాడు.

ఏ వార్తయినా రెండుసార్లు చెప్పాలి, అది నియమం. నీళ్ళు తాగింది, పైటతో మొహం తుడుచుకుంది, కార్డు చేతిలోకి తీసుకుంది. పై నుంచి రావలసిన ఎక్స్‌ప్రెస్సు గంటన్నర ఆలస్యంగా నడుస్తోంది, ప్రయాణికులకి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, అంది, ఈసారి ఒక్క అక్షరం వణకలేదు. అక్కడితో కార్డు అయిపోయింది. వేలు బటను మీదే ఉంది. పైకెత్తిన ఆ మొహాలన్నిటి వంకా చూసి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడే గొంతుతో, "ఎంతసేపని నిలబడతారు, కాసేపు కూర్చోండి. వస్తుంది. నిజంగా వస్తుంది," అంది.

చేతులు తిప్పుతున్నాయన చేతులు దించాడు. కొంతమంది నిజంగానే కూర్చున్నారు.